సంతకం కాదు, సేద్యమే సాక్ష్యం

(యాగంటి దగ్గర కౌలుదార్లు, కూలీల సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యాగంటి బసవన్న ఇరవై ఏండ్లకు ఒక అంగుళం పెరుగుతాడని చెప్పుకుంటారు. మన గుత్త అట్లా కాదు, ఏడాదేడాదికీ పెరుగుతాది. బనగానపల్లె సంస్థానం 1948లో ఇండియాలో కలిసిపోయింది. నవాబు పోయినాడు గానీ గుత్త పోలేదు.

చేనుగల ఆసామి యాడుంటాడు? కర్నూల్లోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో. దున్నేది మనం, విత్తేది మనం, అప్పు చేసేది మనం. వానకు పంట కుళ్లితే పరిహారం మాత్రం పట్టాదారు ఖాతాలో పడుతుంది. నోటిమాట మీద గుత్త పట్టినోళ్లం గదా, ఏ కాగితంలోనూ మన పేరుండదు.

చట్టం లేక కాదు. 1956 కౌలుదారీ చట్టం కౌలు రాతపూర్వకంగా ఉండాలంది, ఆరేండ్లకు తగ్గగూడదంది. రాస్తే హక్కు వస్తుందని ఆసాములు రాయడమే మానుకున్నారు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినారు. పదకొండు నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెడితేనే కార్డు అన్నారు. చట్టం పేరులో హక్కుంది, తాళంచెవి ఆసామి చేతిలో ఉంది. సంతకం అడిగితే ఏమంటాడు? "వచ్చే ఏడు ఇంకొకరికిస్తా పో" అంటాడు. అడిగినోడు మాలోడో మాదిగోడో అయితే ఆ మాట ఇంకా బిరీన వస్తాది.

వేరే దారి లేదా? ఉంది. పశ్చిమ బెంగాల్లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలైంది. అధికారులు పొద్దుగుంకినాక పేదల వాడల్లో కూర్చున్నారు. నలుగురి ముందర అడిగి పాలుకు చేసేవాళ్ల పేర్లు రాసుకున్నారు. "వీడు నా పాలుదారు కాడు" అని రుజువు చేయాల్సిన బరువు భూమిగల వాని మీదనే పెట్టింది అక్కడి చట్టం. దాదాపు 14 లక్షల పేర్లు రికార్డుకెక్కినాయి. బాబాసాహెబ్ గూడ 1937లో బొంబాయి శాసనసభలో ఖోతీ రద్దు బిల్లు పెట్టినాడు. రైతుకూ సర్కారుకూ నడుమ కూర్చొని తినేవాణ్ణి తీసేయమన్నాడు.

మనం అడిగేదీ అదే. ఆసామి సంతకం అక్కరలేకుండా, గ్రామసభలో పక్కచేనోళ్ల సాక్ష్యంతో కార్డు ఇయ్యాల. ఈ-పంటలో సేద్యం చేసేవాళ్ల పేరే ఎక్కాల, ఆడోళ్లు చేస్తే ఆడోళ్ల పేరే. అంతవరకు విత్తనాల రసీదు, ఎరువుల బిల్లు దాచిపెట్టండి. గుత్త కట్టిన తేదీ పిల్లలతో రాయించండి.

ఒంటరిగా పోతే చేను పోతాది. వాడంతా ఒక్క అర్జీ మీద వేలిముద్రలేసి పోదాం. ఊరంతటినీ ఒక్కసారి గుత్త మాన్పించగల ఆసామి ఇంకా పుట్టలేదు.

జై భీమ్.