లారీలో వచ్చేది ఏ కట్టె?

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1100 మెగావాట్ల బొగ్గు ప్లాంటు మనకు తెలిసిందే. అంత పెద్దదానికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. కట్టెతో నడిచే బయోమాస్ ప్లాంటు 15 మెగావాట్లు దాటకపోతే పర్యావరణ అనుమతి నుంచే మినహాయింపు. అంటే టెంటు వేసి మనల్ని అడిగే రోజే రాదు.

మిగిలేవి కాలుష్య నియంత్రణ మండలి కాగితాలు రెండు: కట్టే ముందొకటి, నడిపే ముందొకటి. పొగ, బూడిద షరతులు వాటిలోనే ఉంటాయి. సమాచార హక్కు కింద అడిగి చదువుదాం.

ఒక్క మెగావాటుకు గంటకు టన్నుకు పైగా కట్టె కావాలి. జనగామ, మహబూబాబాద్ చేలల్లో పత్తికట్టె ఉంది, నిజమే. అది వానలదాకా ఉంటుందా? ఆ తర్వాత లారీలో వచ్చేది ఇప్పా, మద్దా? అడవిని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకే ఇచ్చింది. ఈ ప్రశ్న అక్కడ అడిగి, రిజిస్టరులో రాయిద్దాం.