రాజ్యలక్ష్మమ్మగారి పేరున్న కళాశాల

(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

స్త్రీ విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పెద్ద ఉపన్యాసం నాకు చేతకాదు. తెలిసినంత మనవి చేస్తాను.

రాజమండ్రిలో ఎస్.కె.ఆర్. మహిళా కళాశాల తెలియనివారుండరు. మొన్న మా మనవరాలిని "ఆ మూడక్షరాలంటే ఏమిటే?" అని అడిగితే తెల్లముఖం వేసింది. శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి. వీరేశలింగం పంతులుగారి ధర్మపత్ని.

పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. తరువాత ఇన్నీసుపేటలో మరొకటి పెట్టారు. 1881 డిసెంబరు 11న మన ఊళ్లోనే తొలి వితంతు వివాహం జరిపించారు. దాంతో ఊరు వారిని వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు తానే బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు మోశారు, తానే వండి వడ్డించారు. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోశారు. 1910లో ఆ తల్లి కన్నుమూశారు. ఆమె పేరిట మహిళా కళాశాల వెలసింది మాత్రం ఎన్నో దశాబ్దాల తరువాత, ఆ సమాజం పక్షానే.

ఆ ఆలస్యం ఎవరికి నష్టమో మా ఇంట్లోనే చూశాను.

1956లో మా అక్కయ్య ఎస్సెస్సెల్సీ ప్యాసయింది. రెండేళ్ల తరువాత నాకు వచ్చిన మార్కులకంటే ఆవిడవే ఎక్కువ. ఊళ్లో కాలేజీ ఉంది గాని, మగపిల్లల మధ్య కూర్చోబెట్టనన్నారు నాన్నగారు. ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లోనే వచ్చింది. అక్కడ హాస్టల్లో పెట్టి చదివించే స్తోమత మాకు లేదు. అక్కయ్యకు పెళ్లి చేశారు, నన్ను కాలేజీలో చేర్చారు. అప్పుడు నేను ఒక్క మాట మాట్లాడలేదు.

1984లో మా అమ్మాయిని ఎస్.కె.ఆర్.లో చేర్పించేటప్పుడు అక్కయ్య కూడా వచ్చింది. నేను దరఖాస్తు నింపుతుంటే వరండాలో నిలబడి క్లాసులకు వెళ్లే పిల్లల్నే చూస్తోంది. "ఇది అప్పుడే ఉంటేనా తమ్ముడూ!" అంది. అంతే. మా అమ్మాయి పట్టా మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమే మన ఊరికి వచ్చింది. అక్కయ్యకు మాత్రం ఆ ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్టే మిగిలింది.

చివరి రోజుల్లో మందులకు డబ్బు కావలసివస్తే ఆవిడ తల వంచుకుని నన్ను అడిగేది. నిజానికి తల వంచుకోవలసింది నేను. ఇప్పటికీ ఒకటో తేదీన పెన్షను చేతికందితే ఆవిడే గుర్తుకొస్తుంది.

నా మనవి ఒక్కటే. ఫీజు లేక చదువు ఆగిపోయే ఆడపిల్ల ఒక్కరికైనా మన సంఘం ఏటా సాయపడాలి. మొదటి ఏడాది ఫీజు నేను కడతాను. ఆ కళాశాల పేరు మన పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం పొడి అక్షరాల్లో కాదు, పూర్తిగా చెప్పండి.