పంచాంగము, పత్రిక, వోటు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరినారు. మేము పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి పొందినవారము. రాజకీయవేత్తలము కాము, శాస్త్రజ్ఞులము అంతకన్న కాము. అయినను శాస్త్రము, గ్రంథపఠనము, రాజకీయము అను మూడును మహానుభావుల సొత్తు కాదనియు, ప్రతి గృహస్థుని నిత్యజీవనములోనివే యనియు మా యభిప్రాయము. దానినే తమ సన్నిధిని విన్నవించుచున్నాము.

మొదట శాస్త్రము. ఉగాదికి పంచాంగము కొనని గృహము మనలో నరుదు. అందు గ్రహణముల స్పర్శమోక్షకాలములు ముందుగనే వ్రాసియుండును. అవి గణితముచేత తెలిసినవి. క్రీ. శ. 499 నాటికి తనకు 23 ఏండ్లని చెప్పుకొన్న ఆర్యభటుడు, సూర్యుని చంద్రుడును, చంద్రుని భూచ్ఛాయయు కప్పుటయే గ్రహణమని ఆర్యభటీయమున స్పష్టపరచినాడు. 1980 ఫిబ్రవరి 16వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ మన తెలుగుసీమమీదుగా సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురపు వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రములు సిద్ధపరచుకొని పరిశీలించిరి. అదే వేళ ననేకులు తలుపులు బిగించుకొని యింట కూర్చుండిరి. ఇరువురును నమ్మినది గణితమునే కదా! కాలనిర్ణయమునకు గణితమును నమ్మి, ఫలితమునకు భయమును నమ్ముట యెట్టి న్యాయము? గ్రహణసూర్యుని వట్టికంటితో చూడరాదనుట శాస్త్రసమ్మతమే. ఆ వెలుగు కంటి లోపలిపొరను కాల్చును. కాని గర్భవతియైన కోడలిని అన్నపానములు లేక చీకటిగదిలో నుంచుటకు ఆ గణితమున నాధారము లేదు. పంచాంగమును విడువుమని మేమనము. అందలి గణితమును గౌరవింపుడని మాత్రమే యనుచున్నాము. శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట పౌరుని విధియని 1976లో మన రాజ్యాంగమున చేర్చబడిన సంగతియు తాము మరువరాదు.

ఇక పఠనము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన పెద్దలు, తెలుగువానికి తెలుగులోనే లోకజ్ఞానము కలుగవలెనని పాటుపడిరి. 1914లో బెజవాడయందు గ్రంథాలయసంఘ మేర్పడెను. 1935లో కృష్ణాకాలువపై పడవలోనే గ్రంథాలయము నడచెను. నాడు పుస్తకము దొరకుట కష్టము. నేడు వ్రాత మితిమీరి సెల్‌ఫోనులో వచ్చి పడుచున్నది. దానిని తూచుటకు మన నైయాయికులే త్రాసు నిచ్చిరి. ప్రత్యక్షానుమానోపమానములతో పాటు శబ్దమును వారు ప్రమాణముగా నంగీకరించిరి. అయితే యది ఆప్తుని వాక్యమైయుండవలెను. ఆప్తుడనగా విషయమును స్వయముగా నెరిగి, యెరిగినది యెరిగినట్లు చెప్పువాడు. వ్రాసినదెవరు? ఎప్పుడు? ఎట్లెరిగి వ్రాసిరి? ఈ మూడింటికి ప్రత్యుత్తరము లేని వార్తను బంధువులకు పంపుట యపచారము. పంపినవాడు మనవాడైనంతమాత్రమున వ్రాసినవాడు ఆప్తుడు కాడు.

చివరిది రాజకీయము. ఇది చెప్పుట యిట్టి సభలో కొంత కష్టము. అయినను చెప్పకుండుట వంచన. 1951-52 నాటి సార్వత్రిక యెన్నికలకు పూర్వము ఆస్తియో, పన్నో, చదువో లేనివానికి వోటు లేకుండెను. మన తాతలలో పెక్కురు ఆ హక్కు నెరుగరు. ఇంత కష్టమున లభించిన వోటును సంఘము తీర్మానించి యొకని కప్పగించుట మాకు సమ్మతము కాదు. అభ్యర్థి గాని, ఆతని యనుమతితో మరియొకరు గాని కులముపేర వోటడుగుట 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యచట్టము ప్రకారము అవినీతిచర్య. ఆ నిషేధము వోటరు కులమునకును వర్తించునని 2017 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పేదవిద్యార్థులకు వేతనములు, వసతిగృహములు కల్పించుట సంఘధర్మము. వోటు మాత్రము వ్యక్తిధనము. ఇంటి యజమానికి ఇల్లాలి వోటుపైనను అధికారము లేదు. ఇందువలన సంఘబలము తగ్గునని శంకించు పెద్దలు కలరు. ఎటు వేయుదుమో ముందే తెలిసిన గుంపును నాయకుడు లెక్కింపడు. పని చూచి వోటు వేయువానినే లక్ష్యపెట్టును.

కావున మా విన్నప మొక్కటి. మనము ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయసుంకమును చెల్లించుచునే యున్నాము. ఆ గ్రంథాలయముల గడప త్రొక్కుట మరచినాము. ప్రతి గ్రామశాఖయు వారమునకొక గంట యేర్పరచి, భిన్నాభిప్రాయములు గల రెండు పత్రికలను, తెలుగు రాజ్యాంగప్రతిని, ఒక శాస్త్రగ్రంథమును దగ్గర నుంచుకొని బిగ్గరగా చదివించుగాక. చదువురాని వృద్ధులును, స్త్రీలును వచ్చి విని ప్రశ్నింతురుగాక. మహాసభ వేదికకు, పందిళ్లకు నగు వ్యయములో స్వల్పభాగ మిందుకు చాలును. దాతలు దీనిని మన్నింతురని నమ్ముచున్నాము.