దఫ్తర్ పక్కనే తామీన్ కాగితం
(ఫింటాస్‌లో జరిగిన మన సమావేశంలో చేసిన ప్రసంగం)

డ్రైవింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డ్రైవింగ్ నేర్పేవాణ్ణి కాను, సైట్ సూపర్‌వైజర్ని. కానీ మా సైట్‌కు రోజూ వచ్చే హాఫ్ లారీలు, లేబర్ బస్సులు నేను చూసుకునేవే. అందుకని ఒక్క విషయమే అడుగుతాను. మీరు నడిపే బండి ఇన్సూరెన్స్ కాగితం, ఇక్కడి మాటలో తామీన్, ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఇన్సూరెన్స్ ఉందా అని అడగడం లేదు. ఇన్సూరెన్స్ లేకుండా కువైట్‌లో దఫ్తర్ రెన్యువల్ కాదు, అది అందరికీ తెలుసు. కాబట్టి ఎక్కడో ఉంటుంది. కంపెనీ ఆఫీసు ఫైల్లోనో, మందూబ్ బ్యాగులోనో, ఇంటి డ్రైవరైతే బాబా బీరువాలోనో. మనలో సొంత కారు ఉన్నవాళ్ళు తక్కువ. 18 నంబరు వీసా వాళ్ళు కంపెనీ బండి నడుపుతారు, 20 నంబరు వీసా వాళ్ళు కఫీల్ ఇంటి బండి నడుపుతారు. కాగితం ఒకరి దగ్గర, స్టీరింగ్ ఇంకొకరి దగ్గర. చిక్కంతా అక్కడే.

మాకు మెటీరియల్ తెచ్చే ఒక తమ్ముడు ఒక శుక్రవారం పొద్దున మహబూలా వైపు నుంచి వస్తున్నాడు. రౌండ్‌అబౌట్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి ఒక కారు వచ్చి గుద్దింది. తప్పు పూర్తిగా కారు ఆయనదే. పోలీసులు వచ్చి ఇద్దరినీ కాగితాలు అడిగారు. కారు ఆయన రెండు నిమిషాల్లో అన్నీ చూపించాడు. మనవాడి దగ్గర బతాకా ఉంది, లైసెన్సు ఉంది, దఫ్తర్ జిరాక్స్ ఉంది, ఇన్సూరెన్స్ లేదు. ఆఫీసుకు సెలవు. మందూబ్ ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం దాకా మఖ్ఫర్‌లో కూర్చున్నాడు. ఆ బండి పాలసీకి ఇంకా ఐదు నెలల గడువుంది! పైగా ఆ రోజు కూలి కూడా కోశారు. అది ఆ కంపెనీ ఘనత, దాని సంగతి ఇంకో సభలో మాట్లాడుకుందాం.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా అన్నా, అంటారు. నిజమే. మొబైల్ ఐడీ యాప్‌లో మన సివిల్ ఐడీ, లైసెన్సు కనపడతాయి. కానీ కంపెనీ బండి కాగితాలు మన యాప్‌లోకి వాటంతట అవి రావు. అడిగి తెచ్చుకోవాలి. మందూబ్‌ను దఫ్తర్, పాలసీ రెండింటి ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పంపాక గ్యాలరీలో సేవ్ చేసుకోండి, నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. పాలసీ మారిన ప్రతిసారీ కొత్తది అడగండి. ఇంటి డ్రైవర్లు బాబాను అడగడానికి మొహమాట పడతారు. "బండి మీదే, పోలీసు అడిగితే చూపించాలి" అని మర్యాదగా చెబితే ఎవరూ కోప్పడరు.

ఫోన్‌తో ఇంకో ప్రమాదం. 1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరించి 2025 ఏప్రిల్ 22 నుంచి జరిమానాలు పెంచారు. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే 75 దినార్లు. మునుపు 5 ఉండేది. మనలో కొందరికి 75 అంటే నెల జీతం. పోలీసు చెయ్యి ఊపగానే కంగారుగా ఫోన్లో ఫొటో వెతక్కండి. బండి పక్కకు తీసి, పూర్తిగా ఆపి, అప్పుడు తీయండి. కట్టని ముఖాలఫా ఉంటే సెలవుకు పోయేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆగిపోతారు. 2023 ఆగస్టు నుంచి విదేశీయులు జరిమానాలు కట్టాకే దేశం దాటాలి.

అందుకే ఒక జిరాక్స్ కూడా బండిలో పెట్టమంటాను. ఛార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తుంది. అయితే డ్యాష్‌బోర్డు పైన పెట్టొద్దు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది, మూసిన బండి లోపల ఇంకా ఎక్కువ. రసీదు మిషన్‌లో వచ్చే నున్నటి కాగితమైతే ఎండకు అక్షరాలు పోతాయి. మామూలు తెల్ల కాగితం మీద జిరాక్స్ తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ముందు సీటు డబ్బాలో వేయండి.

ఇంకొక సంగతి. మన బండ్లకు చాలావాటికి ఉండేది థర్డ్ పార్టీ. మన తప్పు వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికే అది. మన బండి రిపేరు అందులో రాదు. లైసెన్సు లేనివాడికి తాళం ఇస్తే ఆ పాలసీ కూడా అడ్డం తిరుగుతుంది. రూమ్మేటు కదా అని "ఒక రౌండు వేసి రా" అనకండి.

ఊరికి పోయినప్పుడు కూడా అంతే. మన దేశంలో ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి 2,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4,000. అక్కడ డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది.

చివరగా, తేదీ. పాలసీ అరబీలో ఉంటే మనవాళ్ళు తేదీ దగ్గరే పొరబడతారు. అరబీలో సున్నా అంటే ఒక చుక్క. మనం సున్నా అనుకునే గుండ్రని అంకె వాళ్ళకు 5. ఆరు మన 7 తిరగేసినట్టు ఉంటుంది, ఏడు ఇంగ్లీషు 'వి' లాగా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు. ఇవి తెలిస్తే గడువు మీరే చదువుకోవచ్చు. ప్లేటు నంబరు, ఛాసిస్ నంబరు దఫ్తర్‌తో కలుస్తున్నాయా కూడా చూడండి. పక్క బండి పాలసీ పెట్టుకుని ఆరు నెలలు తిరిగినవాళ్ళను నేను చూశాను.

బయట మన బండ్లు చాలానే ఆగి ఉన్నాయి. టీ వచ్చేలోపు వెళ్ళి కాగితాలు తెచ్చుకోండి, అంకెలు కలిసి చదువుదాం.