ఉపనేత్రవృత్తి: శిక్షణము, జీతము



వైద్యవిద్యను గూర్చియు, యంత్రవిద్యను గూర్చియు ఈ సభలలో ఏటేట వినుచున్నాము. కంటియద్దములను అమర్చు వృత్తిని గూర్చి ప్రసంగించినవారిని మేమెఱుగము. అద్దములకు మనవారు సులోచనములని పేరిడిరి. సంస్కృతమున నది చక్కని కన్నులుగలవానికి చెల్లుమాట, ఉపనేత్రములనుటయే యుక్తము. అది యటులుండనిండు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల యంగళ్లలో ఈ పనిచేయు మన పిల్లలలో పలువురు చూచి నేర్చుకొన్నవారే. వైద్యుడు వ్రాసిన చీటి నర్థము చేసికొనుట, కనుపాపల నడిమి దూరమును మిల్లీమీటర్లలో కొలుచుట, అద్దపుటంచు నఱగదీసి చట్రమున బిగించుట, ముక్కును చెవులును నొవ్వకుండ సరిచేయుట వీరిపని. ఇది చిన్నపని యని తలపకుడు. 6 డయాప్టర్ల యద్దపు నడిమిచుక్క కనుపాపకు 5 మిల్లీమీటర్లు తొలగెనా, 3 ప్రిజము డయాప్టర్ల మేరకు చూపు ప్రక్కకు లాగబడును. తలనొప్పి పుట్టును. ముసలమ్మ అద్దములను పెట్టెలో దాచి, తన కన్నులే చెడినవనుకొనును. సిలిండరు అద్దము 30 డిగ్రీలు తిరిగి కూర్చున్నచో ఉన్న దోషము పిసరంతయు తగ్గదు. ప్రొద్దుటూరి బంగారుపనిలో రాళ్లు పొదిగిన వ్రేళ్లకు ఈ నేర్పు దుర్లభము కాదు; కావలసినది శాస్త్రము.

బ్రిటనువారు 1958లోనే చట్టము చేసి ఈ వృత్తివారికి నమోదు విధించిరి. మనదేశమున 2021 నాటి చట్టపు పట్టికలో ఆప్టామెట్రిస్టులును, విజన్ టెక్నీషియనులును చేరిరి. మొదటిదానికి ఇంటర్మీడియేటు పిమ్మట నాలుగేండ్ల పట్టము. రెండవదానికి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రసంస్థ ఒక యేడు శిక్షణ మిచ్చుచు వచ్చినది. అట్లు నేర్చినవారు పల్లెకేంద్రములలో చూపు పరీక్షించి అద్దములును అమర్తురు. పేదయింటి పిల్లకు ఆ యొక్క యేడే అందుబాటైనది.

ఇక జీతము. కొన్ని యంగళ్లలో నెలజీతము కొంచెము, అమ్మిన చట్రముపై కమీషను మిక్కుటము. ఈ పద్ధతి మాకు సరిపడదు. వెల హెచ్చిన చట్రమును అంటగట్టువానికి లాభమును, కొలత రెండుమారులు చూచుకొనువానికి నష్టమును కలిగించు జీతమేమి జీతము? పనితనమునకే కూలి ముట్టవలెను.

సంఘపు విద్యానిధినుండి ఈ యేడు ఇద్దఱకు, అందొకతె బాలికకు, శిక్షణపు రుసుమును బసఖర్చును ఇప్పింపుడు. వారు తిరిగివచ్చునప్పటికి ఇయ్యదగు జీతమును, ఏటేటి హెచ్చింపును ముందే కాగితముపై వ్రాయవలెను. దాతలలో అద్దాలయంగళ్లు గలవారు భోజనానంతరము మాతో కూర్చుండి ఆ మొత్తమును నిర్ణయింప ప్రార్థించుచున్నాము.