జంట ఫ్లూట్ల కచేరీ

పాశ్చాత్య దేశాల్లో ఆర్కెస్ట్రా కచేరీల సీజన్ సాధారణంగా సెప్టెంబరులో మొదలై మే, జూన్ నెలల్లో ముగుస్తుంది. ముగింపు కచేరీకి ఇద్దరు ఫ్లూట్ విద్వాంసులు దొరికితే, ఇటలీ స్వరకర్త చిమరోజా 1793లో రాసిన జి మేజర్ కాంచెర్టోను మించిన ఎంపిక అరుదు. ఒకరు ఎత్తుకున్న స్వరాన్ని మరొకరు అందుకుంటారు; అంతలోనే ఇద్దరూ జంటగా పరుగు తీస్తారు. ఫ్లూట్ కింది స్థాయి చాలా మెత్తన. వయొలిన్లు కాస్త జోరు పెంచినా వినబడదు. అందుకే సోలో నడిచేటప్పుడు ఆర్కెస్ట్రా మొత్తం తగ్గి వాయిస్తుంది. ఆ నిగ్రహం నాకెంతో ఇష్టం. మన పిల్లనగ్రోవి వెదురుది. పాశ్చాత్యుల ఫ్లూట్ ఎక్కువగా వెండిది. జర్మనీకి చెందిన బేమ్ 1847లో రూపొందించిన నమూనాయే దానికి నేటికీ ఆధారం. వీలు చూసుకుని ఈ కాంచెర్టో వినండి, ముఖ్యంగా రెండో ఫ్లూట్‌ను.