అమ్మానాన్నలను పిలిచే ముందు



ఇక్కడ ఉద్యోగ వీసాతోపాటు మనం ఆరోగ్య సర్‌ఛార్జి కడతాం. 2015లో ఏడాదికి 200 పౌండ్లు ఉన్నది 2024లో 1,035 అయింది. ఇంత కడుతున్నాం కదా, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ఎన్‌హెచ్‌ఎస్ వర్తిస్తుందని నేను అనుకున్నాను. వర్తించదు.

మా నాన్నగారు విజిటర్ వీసాపై వచ్చినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చింది. ఎమర్జెన్సీలో చూసినందుకు డబ్బు తీసుకోలేదు. వార్డులో చేర్చుకున్నాకే లెక్క మొదలైంది. ఇంగ్లండులో 2015 నిబంధనల ప్రకారం మన దేశం నుంచి వచ్చే విజిటర్లకు మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు. బిల్లు చూస్తే ఆయన బాధపడతారని సొరుగులో దాచాను. అదే నా తప్పు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే హోం ఆఫీసుకు తెలియజేస్తారు. ఆయన తర్వాతి వీసాకే ఎసరు రావచ్చు. చివరికి ఆస్పత్రికి ఫోన్ చేసి వాయిదాలు అడిగితే ఒప్పుకున్నారు.

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారితే రిలీజ్ నోట్సు చదవందే ముట్టుకోం. ఈ నిబంధనలూ అలాగే మారుతుంటాయి. టికెట్టు కొనే ముందే ప్రభుత్వ వెబ్‌సైటులో చదవండి. పెద్దవాళ్ల పాత జబ్బులకు కూడా వర్తించే ఇన్సూరెన్సు తీసుకోండి. బిల్లు వస్తే దాచకండి, వెంటనే మాట్లాడండి. ప్రాణం మీదకొస్తే మాత్రం ఖర్చుకు భయపడి ఆగవద్దు. తక్షణం అవసరమైన వైద్యాన్ని డబ్బు కోసం ఆపకూడదన్నది కూడా ఇక్కడి నిబంధనే.

సెలవు.